వరి, చోడి, అనాస: ఒకే ఎండకి మూడు ఆకుల మూడు ప్లాన్లు

సాలూరు నుంచి మాట్లాడుతున్నా. ఇవాళ్టి టాపిక్ కిరణజన్య సంయోగక్రియ. ఆగండి ఆగండి, పేరు వినగానే పైకి స్వైప్ చేసేయకండి. పదో తరగతిలో రెండు మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ సమీకరణం గురించి కాదు. మన చుట్టూ ఉన్న పొలాల్లో అది నిజంగా ఎలా నడుస్తోందో చూద్దాం.

ముందు ఒక ఫార్వర్డ్ సంగతి. మీ ఫ్యామిలీ గ్రూపులోనూ వచ్చే ఉంటుంది. "రావి చెట్టు ఇరవై నాలుగు గంటలూ ఆక్సిజన్ ఇస్తుంది." "స్నేక్ ప్లాంట్ బెడ్‌రూమ్‌లో పెట్టుకోండి, రాత్రంతా ఆక్సిజన్." మామూలు రోజుల్లో అయితే నవ్వేసి వదిలేయొచ్చు. కానీ 2021లో కరోనా రెండో వేవ్ అప్పుడు, ఆసుపత్రుల్లో ఆక్సిజన్ దొరక్క జనం అల్లాడుతున్నప్పుడు, ఇవే మెసేజ్‌లు మళ్లీ తిరిగాయి. ఊపిరి అందని మనిషిని చెట్టు కింద కూర్చోబెట్టమని. అప్పుడది జోక్ కాదు కదా.

ఇది తప్పు అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ ఎందుకు తప్పో తెలిస్తే ఇంకో పది ఫార్వర్డ్‌లు మీరే పట్టుకుంటారు. దానికి ఆకు లోపలికి వెళ్లాలి. మనకి లక్కీగా, ఈ కథ మొత్తం చెప్పే మూడు పంటలు మన మన్యం జిల్లాలోనే ఉన్నాయి. వెంగళరాయ సాగర్ కాలువల కింద వరి. పాచిపెంట వైపు కొండ వాలుల్లో చోడి, అంటే మిగతా ఊళ్లలో రాగులు అంటారే, అవి. సీతంపేట కొండల్లో అనాస, అదేనండి పైనాపిల్. ఈ మూడింటి మీదా పడేది ఒకే ఎండ. కానీ మూడూ మూడు రకాలుగా బతుకుతాయి.

ఆకు లోపల రెండు షిఫ్టులు

ముందు బేసిక్స్, చాలా ఫాస్ట్‌గా.

ఆకులో పచ్చగా కనిపించేది పత్రహరితం. అది హరితరేణువులు అనే చిన్న చిన్న సంచుల్లో ఉంటుంది. పని రెండు షిఫ్టుల్లో జరుగుతుంది. మొదటి షిఫ్ట్‌కి వెలుగు తప్పనిసరి. వెలుగులోని శక్తితో నీటి అణువుని విరగ్గొడతారు. అందులోంచి ఆక్సిజన్ బయటికి పోతుంది. వచ్చిన శక్తిని ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ అనే రెండు రకాల అణువుల్లో దాచిపెడతారు. అవి చార్జ్ అయిన పవర్ బ్యాంకులు అనుకోండి. రెండో షిఫ్ట్‌లో ఆ పవర్ బ్యాంకులు వాడి, గాలి నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌తో చక్కెర కడతారు.

ఇక్కడ రెండు పాయింట్లు గట్టిగా పట్టుకోండి, చివర్లో పనికొస్తాయి.

ఒకటి. చెట్టు ఇచ్చే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి రాదు, నీటి నుంచి వస్తుంది. 1941లో అమెరికాలో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్, వాళ్ల టీమ్ కొంచెం బరువైన రకం ఆక్సిజన్ ఉన్న నీళ్లు వాడి ఇది తేల్చారు. నీళ్లు విరగాలంటే వెలుగు కావాలి. వెలుగు లేదంటే ఆక్సిజన్ లేదు. ఇందులో ఏ చెట్టుకీ రాయితీ లేదు.

రెండు. చెట్టు ఒళ్లు గాలితో కట్టిందే. ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బన్, అదంతా ఆకుల్లోంచి లోపలికి వచ్చినదే. సాలూరు అంటే లారీలు కదా. మన షెడ్లలో లారీ బాడీకి బిగించే చెక్క ఉంది చూశారా? అందులోని కార్బన్ అంతా ఒకప్పుడు గాలిలో తిరిగిందే. కూలీ ఎవరు? ఆకు.

తలుపు, ఇద్దరు కాపలాదార్లు

సరే, గాలి లోపలికి ఎలా వస్తుంది? ఆకు పైన మైనం లాంటి పూత ఉంటుంది. నీళ్లు ఆవిరైపోకుండా అది వాటర్‌ప్రూఫ్ జాకెట్. సమస్య ఏమిటంటే అది గాలిని కూడా రానివ్వదు. అందుకని జాకెట్‌కి చిన్న చిన్న కన్నాలు. వాటినే పత్రరంధ్రాలు అంటాం. చాలా మొక్కల్లో ఒక చదరపు మిల్లీమీటర్‌కి వంద నుంచి మూడు వందల దాకా ఉంటాయి. చాలా చెట్లకి ఆకు అడుగున మాత్రమే ఉంటాయి. వరి, మొక్కజొన్న లాంటి వాటికి రెండు వైపులా. తామరాకు నీటి మీద పరుచుకుని ఉంటుంది కాబట్టి దానికి పైన.

ప్రతి కన్నానికి రెండు పక్కలా రెండు కణాలు, చిక్కుడు గింజల్లా. వీటి పేరు రక్షక కణాలు. పేరుకి తగ్గట్టు కాపలా పని. ఇవి తలుపు తీసే పద్ధతి భలే ఉంటుంది. పొద్దున్నే వెలుగు, ముఖ్యంగా నీలం వెలుగు తగలగానే ఈ కణాలు పొటాషియంని లోపలికి లాక్కుంటాయి. లోపల ఉప్పులు పెరిగాయంటే నీళ్లు వాటంతట అవే లోపలికి వస్తాయి. కణం ఉబ్బుతుంది. కన్నం వైపు గోడ మందంగా ఉంటుంది, అటువైపు సాగలేదు. దాంతో రెండు కణాలూ విల్లులా వంగి మధ్యలో సందు తెరుచుకుంటుంది. పొటాషియం బయటికి పోతే నీళ్లూ పోతాయి, కణం మెత్తబడుతుంది, తలుపు మూతపడుతుంది. మోటార్ లేదు, వైర్ లేదు. అంతా నీటి ప్రెషరే.

మరి ఎప్పుడు మూయాలో ఎవరు చెబుతారు? నేల ఎండిపోతుంటే మొక్కలో అబ్సిసిక్ యాసిడ్ అనే హార్మోన్ పెరుగుతుంది. దాని మెసేజ్ ఒక్కటే: నీళ్లు అయిపోతున్నాయి, తలుపులు వేసేయండి. ఆకు లోపల కార్బన్ డయాక్సైడ్ సరిపడా ఉన్నా తలుపు కొంచెం మూస్తారు. చీకటి పడితే చాలా మొక్కలు మూసేస్తాయి. ఒక్కో కాపలాదారు ఒకేసారి వెలుగు, నీళ్లు, గాలి, అన్నీ చూసుకుని నిర్ణయం తీసుకుంటాడు. నేను ఐటీలో ఉన్నప్పుడు లోడ్ పెరిగితే ఏ సర్వర్ ఆన్ చేయాలి, ఏది ఆపాలి అని పెద్ద పెద్ద డాష్‌బోర్డులు పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఇక్కడ మెదడే లేని ఆకు లక్షల తలుపులతో ఆ పని రోజూ చేస్తోంది.

ఒకటి కొంటే నాలుగు వందలు పోతాయి

ఇప్పుడు అసలు చిక్కు. తలుపు తెరిస్తే గాలి లోపలికి వస్తుంది, నీళ్లు బయటికి పోతాయి. ఒకే తలుపు. గాలి మాత్రం రా, నీరు మాత్రం ఆగు అంటే కుదరదు.

పైగా బేరం చాలా దారుణంగా ఉంటుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత? పది వేల అణువుల్లో నాలుగు. అంతే. ఆకు లోపల మాత్రం తేమ నిండుగా ఉంటుంది. బయట ఎండ కాస్తుంటే నీళ్లు బయటికి దూకడానికి రెడీగా ఉంటాయి. అందుకే వరి లాంటి మొక్క ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువుని పట్టుకోవడానికి స్థూలంగా నాలుగు వందల నీటి అణువుల్ని పోగొట్టుకుంటుంది. వేరు తాగిన నీటిలో వందకి తొంభై అయిదు పాళ్ల పైనే ఇలా ఆవిరైపోతుంది. దీన్నే పుస్తకంలో బాష్పోత్సేకం అంటారు.

పూర్తిగా వేస్ట్ అనుకోకండి. ఆ ఆవిరి ఆకుని చల్లబరుస్తుంది, వేళ్ల నుంచి నీటిని, లవణాల్ని పైకి లాగుతుంది. కానీ నేలలో నీళ్లు లేనప్పుడు ఇది ప్రాణం మీదికి వస్తుంది. తలుపు తెరిస్తే దాహంతో పోతుంది. మూస్తే ఆకలితో పోతుంది. వానలు మొహం చాటేసినప్పుడు చేను పచ్చగానే నిలబడి ఉంటుంది కానీ ఎదుగుదల ఉండదు చూడండి. అప్పుడు జరిగేది ఇదే. తలుపులు మూసుకుని మొక్క రోజులు లెక్కపెట్టుకుంటోంది.

వరి ప్లాన్: పాత కోడ్‌తో నడిచే పని

లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకునే ఎంజైమ్ పేరు రూబిస్కో. భూమ్మీద అత్యధికంగా ఉన్న ప్రోటీన్లలో ఇదొకటి. మనం తినే ప్రతి ముద్దా దీని చేతి మీదుగా వచ్చిందే. కానీ పనితనం చూస్తే ఆశ్చర్యపోతారు. ఒక్కో చోట సెకనుకి మూడు అణువుల్ని పట్టుకుంటే గొప్ప. చాలా ఎంజైమ్‌లు సెకనుకి వందలు, వేలు లాగించేస్తాయి.

ఇంకా పెద్ద బగ్ ఒకటి ఉంది. రూబిస్కోకి కార్బన్ డయాక్సైడ్‌కీ ఆక్సిజన్‌కీ తేడా సరిగ్గా తెలీదు. మామూలు వాతావరణంలో నాలుగైదు సార్లలో ఒకసారి పొరపాటున ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. అప్పుడు తయారయ్యే పనికిరాని సరుకుని సరిచేయడానికి మొక్క మళ్లీ శక్తి ఖర్చు పెట్టి, అప్పటికే పట్టుకున్న కార్బన్‌లో కొంత వదులుకోవాలి. దీనికి కాంతిశ్వాసక్రియ అని పేరు. వేడి పెరిగితే ఈ పొరపాట్లు ఇంకా పెరుగుతాయి.

ఎందుకిలా? రూబిస్కో పుట్టినప్పుడు గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. కార్బన్ డయాక్సైడ్ చాలా ఎక్కువ. ఆ రోజుల్లో ఇది బగ్ కాదు. తర్వాత కోట్ల కోట్ల సంవత్సరాల పాటు ఈ మొక్కలు, వాటి పూర్వీకులు వదిలిన ఆక్సిజనే గాలిని మార్చేసింది. కోడ్ మాత్రం పాతదే. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమై ఉంటుంది, పక్కా లెగసీ సిస్టమ్. మొత్తం ప్రపంచం దాని మీద నడుస్తోంది, తీసేసి కొత్తది రాసే ధైర్యం ఎవరికీ లేదు.

వరి, గోధుమ, జీడిమామిడి, కాఫీ, టేకు, మామిడి, ఇవన్నీ రూబిస్కోతోనే డైరెక్ట్‌గా పని చేస్తాయి. మొదట మూడు కార్బన్‌ల పదార్థం తయారవుతుంది కాబట్టి వీటిని సీ3 మొక్కలు అంటారు. ఈ దారిని కాలిఫోర్నియాలో మెల్విన్ కాల్విన్ బృందం కనిపెట్టింది, 1961లో ఆయనకి నోబెల్ వచ్చింది. నీళ్లు పుష్కలంగా, ఎండ ఓ మోస్తరుగా ఉంటే సీ3 బ్రహ్మాండంగా నడుస్తుంది. అరకు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ హాయిగా బతుకుతోంది కదా. చిక్కంతా వేడి, కరువు కలిసి వచ్చినప్పుడే.

చోడి ప్లాన్: లోపల ఇంకో గది

ఇప్పుడు కొండ వాలుకి వెళ్దాం. చోడి, సామ, కొర్ర, జొన్న, మొక్కజొన్న, చెరకు. ఇవి పాత కోడ్‌ని మార్చలేదు. దాని ముందు ఇంకో లేయర్ పెట్టాయి.

ఆకు బయటి కణాల్లో పెప్ కార్బాక్సిలేజ్ అనే వేరే ఎంజైమ్‌ని కూర్చోబెట్టాయి. దీనికి ఆక్సిజన్‌తో కన్ఫ్యూజన్ లేదు. అది కార్బన్‌ని పట్టుకుని నాలుగు కార్బన్‌ల ఆమ్లంగా మారుస్తుంది. అందుకే సీ4 అని పేరు. ఆ ఆమ్లాన్ని ఆకు ఈనెల చుట్టూ ఉన్న లోపలి గదికి పంపి, అక్కడ కార్బన్ డయాక్సైడ్‌ని వదులుతారు. రూబిస్కో ఉండేది ఆ గదిలోనే. అక్కడ కార్బన్ డయాక్సైడ్ కిక్కిరిసి ఉంటుంది కాబట్టి ఆక్సిజన్‌కి చాన్సే దొరకదు. బగ్ ఫిక్స్ చేయలేదు, బగ్ రాని చోటికి రూబిస్కోని షిఫ్ట్ చేశారు. అంతే.

దీని వల్ల లాభం? బయటి ఎంజైమ్ అంత చురుగ్గా లాగేస్తుంది కాబట్టి తలుపు కొంచెమే తెరిచినా సరిపోతుంది. స్థూలంగా ఒక కార్బన్ డయాక్సైడ్‌కి నూట యాభై నీటి అణువులు. వరికి నాలుగు వందలు అన్నాం, గుర్తుందా? ఊరికే ఏమీ రాదు. ఆ లోపలికి పంపే ట్రాన్స్‌పోర్ట్‌కి అదనంగా శక్తి కావాలి. అందుకే మబ్బు, చలి, నీడ ఉన్నచోట సీ4కి పెద్ద లాభం లేదు. ఎండలో మాత్రం రాజే.

ఈ దారిని 1966లో ఆస్ట్రేలియాలో హాల్ హాచ్, రోజర్ స్లాక్ చెరకు ఆకుల మీద పని చేసి స్పష్టంగా చూపించారు. అంతకు ముందే హవాయిలో చెరకు మీద పని చేసినవాళ్లకి ఈ తేడా కనబడింది. ఇక్కడ మనవాళ్ల పేర్లు కూడా చెప్పుకోవాలి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్, ఆయన శిష్యుడు ఎ.ఎస్. రాఘవేంద్ర. అసలు ఏయే మొక్కలు సీ4 అని ప్రపంచమంతా వెతుకుతున్న రోజుల్లో, అప్పటిదాకా బయటపడ్డ మొక్కల పట్టికకి అనుబంధం తయారుచేసి వీళ్లిద్దరూ 1978లో ప్రచురించారు. రాఘవేంద్ర తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పని చేశారు. కిరణజన్య సంయోగక్రియ మీద అంతర్జాతీయ గ్రంథాలకి సంపాదకుడు కూడా. పక్కా మన తెలుగు నేల మీద జరిగిన సైన్స్ ఇది.

అనాస ప్లాన్: నైట్ డ్యూటీ

మూడోది అన్నిటికన్నా వింత. అనాస మొక్క పగలు తలుపులు మూసేసి, రాత్రి తెరుస్తుంది.

ఘాట్ రోడ్డెక్కే మన లారీ డ్రైవర్లని అడగండి. మే నెల ఎండలో పగలు బండి నడిపితే ఇంజనూ వేడెక్కుతుంది, మనిషీ వేడెక్కుతాడు. చల్లబడ్డాక బయల్దేరితే సుఖం. అనాసదీ అదే లెక్క. రాత్రి గాలి చల్లగా, తేమగా ఉంటుంది. అప్పుడు తలుపు తెరిస్తే నీళ్లు తక్కువ పోతాయి. కానీ రాత్రి వెలుగు లేదు కదా, చక్కెర ఎలా కడుతుంది? కట్టదు. వచ్చిన కార్బన్‌ని మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లోని సంచుల్లో నిల్వ చేస్తుంది. తెల్లారాక తలుపులు మూసుకుని, ఆ ఆమ్లంలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని లోపలే బయటికి తీసి, ఎండ శక్తితో చక్కెర కడుతుంది. రాత్రి లోడింగ్, పగలు ప్రాసెసింగ్. దీన్ని క్యామ్ పద్ధతి అంటారు. కలబంద, నాగజెముడు, స్నేక్ ప్లాంట్, రణపాల, ఇవన్నీ ఈ బ్యాచే.

నీటి లెక్క చూడండి. ఒక కార్బన్ డయాక్సైడ్‌కి స్థూలంగా యాభై నీటి అణువులే. అందుకే సీతంపేట కొండ వాలుల్లో వర్షం మీదే ఆధారపడి అనాస పండుతోంది. కాకపోతే సంచుల్లో పట్టినంతే నిల్వ కాబట్టి ఎదుగుదల నెమ్మది. వరి నాలుగైదు నెలల్లో చేతికొస్తుంది, అనాసకి ఏడాది పైనే ఆగాలి.

దీన్ని మొదట గమనించినవాళ్లలో ఒకాయన కథ మన దగ్గర నుంచే మొదలవుతుంది. పేరు బెంజమిన్ హైన్. జర్మనీలో పుట్టినవాడు. ఈస్ట్ ఇండియా కంపెనీకి వృక్షశాస్త్రవేత్తగా పని చేశాడు. విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్లిపోయాక, సామర్లకోటలోని కంపెనీ తోట బాధ్యత ఈయనకి వచ్చింది. ఇప్పటి కాకినాడ జిల్లా సామర్లకోటే. ఈ హైన్ మన ఇళ్లలో పెంచుకునే రణపాల ఆకు నమిలి చూశాడు. ఆకు అంచున పిల్ల మొక్కలు వస్తాయి చూడండి, అదే. పొద్దున్న నమిలితే పుల్లగా ఉంది. మధ్యాహ్నానికి రుచే లేదు. సాయంత్రానికి కొంచెం చేదు. ఈ సంగతి 1813లో లండన్ లిన్నియన్ సొసైటీలోని లాంబర్ట్‌కి ఉత్తరం రాశాడు, అది 1815లో అచ్చయింది.

ల్యాబ్ లేదు, మైక్రోస్కోప్ లేదు. నాలుకే మీటర్. పొద్దున పులుపు ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. రాత్రంతా ఆమ్లం నిల్వ చేసింది. సాయంత్రానికి ఎందుకు పోయింది? పగలంతా వాడేసింది. హైన్‌కి కారణం తెలీదు. కానీ ఒకే ఆకుని రోజులో మూడు పూటలా చూడాలన్న ఆలోచన వచ్చింది. సగం సైన్స్ అక్కడే ఉంది.

ఇప్పుడు ఆ ఫార్వర్డ్ తీయండి

స్నేక్ ప్లాంట్ రాత్రి ఆక్సిజన్ ఇస్తుందన్న మాట ఎక్కడ పుట్టి ఉంటుందో చూశారా? అది రాత్రి తలుపు తెరుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది. ఇంతవరకూ నిజం. కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటే ఆక్సిజన్ ఇచ్చినట్టే కదా అని ఎవరో కలిపేశారు. కానీ ఆక్సిజన్ నీటి నుంచి వస్తుంది, దానికి వెలుగు కావాలి అని మొదట్లోనే పట్టుకున్నాం. కాబట్టి స్నేక్ ప్లాంట్ కూడా ఆక్సిజన్ తయారుచేసేది పగలే. రావి చెట్టయితే రాత్రి మిగతా చెట్లలాగే శ్వాస తీసుకుంటుంది, అంటే ఆక్సిజన్ వాడుకుంటుంది.

దీనికి రివర్స్ ఫార్వర్డ్ కూడా ఉంది. రాత్రి చింతచెట్టు కింద పడుకుంటే దెయ్యం పడుతుందని మన పెద్దవాళ్లు అంటారు కదా. దానికి సైన్స్ రంగు పూసి, చెట్టు వదిలే కార్బన్ డయాక్సైడ్‌కి ఊపిరాడదు, అదే దెయ్యం అని చెప్పేవాళ్లున్నారు. ఆరుబయట గాలి ఆడుతుంటే అలాంటిదేమీ జరగదు.

ఒక లెక్క వేద్దాం. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గాలి దాదాపు ఇరవై ఎనిమిది వేల లీటర్లు. అందులో ఆక్సిజన్ అయిదు వేల ఎనిమిది వందల లీటర్ల పైన. పడుకున్న మనిషి ఎనిమిది గంటల్లో వాడేది నూట ఇరవై లీటర్ల చుట్టుపక్కల. కుండీలో మొక్క వల్ల ఈ లెక్క మారదు. కాబట్టి మొక్క రాత్రి ఆక్సిజన్ ఇస్తుందన్న ఆశా వద్దు, లాగేస్తుందన్న భయమూ వద్దు. అందం కోసం పెట్టుకోండి, హ్యాపీ. కానీ ఊపిరి అందని మనిషికి నిమిషానికి అయిదు, పది లీటర్ల ఆక్సిజన్ పెట్టాల్సి రావచ్చు. అది సిలిండర్ పని, చెట్టు పని కాదు. అలాంటి టైములో చెట్టు దగ్గరికి తీసుకెళ్లడం అంటే 108కి ఫోన్ చేయాల్సిన నిమిషాల్ని పారేసుకోవడమే. ఈ ముక్క మీ ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి, గౌరవంగా, అర్థమయ్యేలా.

కొండ మీద ఎవరి లెక్క కరెక్ట్?

ఇప్పుడు నాకు ముఖ్యం అనిపించిన విషయం. మన దగ్గర చోడి అంబలి తాగేవాళ్లని, కొండ మీద సామ, చోడి వేసేవాళ్లని వెనకబడ్డవాళ్లుగా చూసే అలవాటు ఒకటి ఉండేది. వరన్నం తినడం అంటే ఎదిగినట్టు. పెళ్లిలో చోడి సంకటి పెడితే నవ్వేవాళ్లు. ఇప్పుడు సిటీలో అదే రాగి జావ గ్లాసు కొనుక్కుని తాగుతున్నాం, 2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా కూడా జరిపింది, అది వేరే సంగతి.

ఆకు వైపు నుంచి చూడండి. కొండ వాలులో నీరు నిలవదు. కాలువ రాదు. వాన రెండు వారాలు ఆగినా ఆశ్చర్యం లేదు. అక్కడ తలుపు కొంచెమే తెరిచి బతకగలిగే మొక్క కావాలి. కొండదొర, జాతాపు, గదబ, సవర కుటుంబాలు తరాలుగా అక్కడ వేస్తున్నది సరిగ్గా ఆ మొక్కలే. సీ4 అన్న పేరు 1966 తర్వాత మాట. పంట ఎంపిక అంతకన్నా ఎన్నో తరాల పాతది. పేరు తెలీకపోయినా, చేలో చూసి చూసి సరైన సమాధానానికి వచ్చారు, హైన్ నాలుకతో వచ్చినట్టు. దాన్ని అజ్ఞానం అనడం మన అజ్ఞానం.

అలాగని వరి చెడ్డది, చోడి మంచిది అని తీర్పు ఇచ్చేయకండి. వరి పొలంలో పోయే నీళ్లన్నీ ఆకు నుంచే పోవు. మడిలో నిలబెట్టే నీళ్లు నేలలోకి ఇంకుతాయి, ఎండకి ఆవిరవుతాయి. చోడి నీళ్లు తక్కువ తాగడానికి సీ4 ఒక్కటే కారణం కాదు, వేర్లు, పంట కాలం, అన్నీ ఉన్నాయి. ఇక రైతు ఏం వేయాలన్నది ఆకు ఒక్కటే తేల్చదు. ధర రావాలి, దంచి మర పట్టే సౌకర్యం ఉండాలి, కొనేవాడు ఉండాలి. కొండ దిగి సంతకి తెచ్చిన చోడికి గిట్టుబాటు లేకపోతే, ఎంత తెలివైన ఆకైనా ఇల్లు గడపదు.

ముందు ముందు ఏం జరుగుతుంది? ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల్లో 280 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. వరికి ఇది లాభమే కదా అనుకోవచ్చు. కొంతవరకు నిజం, తలుపు తక్కువ తెరిచినా సరిపోతుంది. కానీ అదే కార్బన్ డయాక్సైడ్ భూమిని వేడెక్కిస్తోంది, వేడిలో రూబిస్కో పొరపాట్లు పెరుగుతాయి. పైగా కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ పెట్టి పెంచిన వరి గింజల్లో ప్రోటీన్, జింక్ తగ్గుతున్నట్టు పరిశోధనల్లో తేలింది. వరినే సీ4గా మార్చాలని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ, ఆక్స్‌ఫర్డ్ లాంటి చోట్ల శాస్త్రవేత్తలు చాలా ఏళ్లుగా పని చేస్తున్నారు. అది పొలానికి రావడానికి ఇంకా చాలా దూరం ఉంది. ఎంజైమ్ ఒక్కటి మారిస్తే చాలదు, ఆకులో గదుల కట్టడమే మారాలి. అప్పటిదాకా సీ4 గింజలు మన కొండల మీద సిద్ధంగానే ఉన్నాయి.

మీరు చేసి చూడండి

రెండు పనులు చెబుతా, ఖర్చు పెద్దగా లేదు.

మొదటిది, పత్రరంధ్రాలు చూడటం. ఆకు అడుగు భాగాన ట్రాన్స్‌పరెంట్ నెయిల్ పాలిష్ పల్చగా రాయండి. పూర్తిగా ఆరాక సెల్లోటేప్ అంటించి మెల్లగా లాగండి. ఆకు అచ్చు టేప్ మీదికి వస్తుంది. దాన్ని గాజు పలక మీద అంటించి స్కూల్ మైక్రోస్కోప్‌లో చూడండి. ఐపీస్ మీద ఫోన్ కెమెరా పెడితే ఫొటో కూడా వస్తుంది. ఒక చెట్టు ఆకు, ఒక వరి ఆకు పక్క పక్కన చూస్తే కాపలాదార్ల ఆకారంలోనే తేడా తెలుస్తుంది. గడ్డి జాతిలో అవి చిక్కుడు గింజల్లా కాదు, డంబెల్‌లా ఉంటాయి.

రెండోది, హైన్ ప్రయోగం. కానీ దయచేసి ఆకు నమలకండి. రణపాల జాతిలో గుండె మీద పని చేసే విషపదార్థాలు ఉంటాయి. దాని బదులు ఎర్ర మందార రేకుల్ని తెల్ల కాగితం మీద రుద్ది ఆరబెట్టండి. తెల్లవారుజామున ఒక రణపాల ఆకు తెంపి, రసం ఆ కాగితం మీద పెట్టండి. సాయంత్రం అదే మొక్క నుంచి ఇంకో ఆకు. పులుపు తగిలిన చోట రంగు ఎరుపు వైపు తిరుగుతుంది. పొద్దుటి చుక్కకీ సాయంత్రం చుక్కకీ తేడా చూడండి. లిట్మస్ లేదా పీహెచ్ పేపర్ దొరికితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పక్కనే ఒక మందార ఆకుతో కూడా అదే చేసి పోల్చండి. అది రాత్రి డ్యూటీ చేసే మొక్క కాదు.

రెండు చుక్కల ఫొటోలు, ఏ టైముకి తీశారో రాసి పంపండి. తేడా రాకపోయినా పంపండి. ముందు రోజు మబ్బుగా ఉందా, మొక్క నీడలో ఉందా అన్నది కూడా రాయండి, అందులోనే కారణం దొరకొచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో వేరు దగ్గరికి వెళ్దాం, అన్ని అడుగుల ఎత్తుకి చెట్టు నీళ్లు మోటార్ లేకుండా ఎలా ఎక్కిస్తుందో చూద్దాం. ఉంటా మరి, జాగ్రత్త.